గ్లిచ్ చిత్రాన్ని చెక్కుచెదరకుండా అచ్చు వేయించడం ఎలా?

ఫొటో ఫైలులోని సమాచారాన్ని కావాలనే చెదరగొట్టి, చారలూ రంగుల మరకలూ తెప్పించిన బొమ్మే గ్లిచ్ చిత్రం. ఇక్కడ ఫొటోను ధ్వనిగా తెరిచి చెదరగొడతాం. కంప్యూటరు, ఉచితంగా దొరికే గింప్ (బొమ్మలు దిద్దేది), ఆడాసిటీ (ధ్వనిని దిద్దేది) సాఫ్ట్‌వేర్‌లు, 1200 × 1800 పిక్సెళ్ల ఫొటో ఒకటి ఉంటే చాలు. విజయనగరం గంటస్తంభమో, పొందూరు ఖద్దరు నేతో అయితే చెదిరిన చోటు స్పష్టంగా తెలుస్తుంది.

ఫొటోను గింప్‌లో బీఎంపీగా (సాధారణంగా పిక్సెళ్లను కుదించకుండా దాచే ఫైలు) భద్రపరచండి. జేపెగ్ ఎన్నటికీ వద్దు. అందులో సమాచారం కుదించి గొలుసుకట్టుగా ఉంటుంది కాబట్టి ఒక్క బైటు మారినా ఆ తర్వాతి భాగమంతా చెడిపోవచ్చు. పైగా చెడిన ఫైలు ఒక్కో సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో విధంగా తెరుచుకోవచ్చు.

బీఎంపీని ఆడాసిటీలో ‘రా డేటా’గా, యూ-లా అనే ధ్వని ఎన్‌కోడింగ్‌తో, మోనోలో (ఒకే ఛానెల్) తెరవండి. బొమ్మ కొలతల వంటి వివరాలుండే హెడర్ ఫైలు మొదట్లోనే ఉంటుంది కనుక మొదటి అర సెకను ముట్టుకోకుండా, మిగిలినదానిలో కొంత ఎంచుకుని ‘ఎకో’ వేయండి. బీఎంపీలో బొమ్మ సాధారణంగా అడుగు వరుస నుంచి మొదలవుతుంది కాబట్టి ధ్వని తరంగంలో ఎడమవైపు చేసిన మార్పు బొమ్మ కింది భాగంలో కనిపిస్తుంది. ధ్వని హెడర్ చేర్చని రా ఫైలుగా, అదే యూ-లాతో ఎగుమతి చేసి, పేరు చివర బీఎంపీ అని మార్చి, గింప్‌లో తెరిచి టిఫ్‌గా దాచుకోండి.

ఇంత శ్రమపడినవారు కూడా బొమ్మను పెద్దది చేసేటప్పుడే పాడుచేసుకుంటారు. 12 × 18 అంగుళాల అచ్చుకు అంగుళానికి 300 పిక్సెళ్ల లెక్కన 3600 × 5400 కావాలి. అంటే మన ఫొటోకు సరిగ్గా మూడు రెట్లు. ‘స్కేల్ ఇమేజ్’లో కొత్త పిక్సెళ్ల రంగును నిర్ణయించే ఇంటర్‌పొలేషన్‌ను ‘నన్’ (None) అని పెట్టండి. ‘క్యూబిక్’ పెడితే పక్కపక్క పిక్సెళ్ల నడుమ లేని రంగులు పుట్టి, కత్తితో కోసినట్టుండే అంచులు మసకబారతాయి. రెండున్నర రెట్లు పెంచితే కొన్ని పిక్సెళ్లు వెడల్పుగా, కొన్ని సన్నగా వచ్చి గీతలు వంకరపోయినట్టు కనిపిస్తాయి.

ఒకసారి ఒక దుకాణంలో నా ఫైలు పాడైందనుకుని వారే మెరుగుపరిచి అచ్చు వేశారు. నేను కోరి తెచ్చుకున్న చారలన్నీ నునుపైపోయాయి. అప్పటి నుంచి ‘దిద్దవద్దు, నూరు శాతం సైజులోనే వేయండి’ అని కాగితంపై రాసి ఇస్తున్నాను. మీరూ అలాగే చేయండి. తెరపై మెరిసే ఆకుపచ్చ, మెజెంటా రంగులు ఇంకుకు పూర్తిగా అందవు కాబట్టి, ముందు అదే కాగితంపై నాలుగంగుళాల ముక్క వేయించి పగటి వెలుతురులో చూసిన తర్వాతే పూర్తి అచ్చుకు ఒప్పుకోండి.

ఫ్లెక్సీ యంత్రం ఈ పనికి తగదు. పిగ్మెంట్ ఇంకు, 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల) నూలు కాగితం అడగండి. అచ్చును ఒక రోజు ఆరనిచ్చి, అద్దం తగలకుండా మధ్య మౌంట్ బోర్డు పెట్టి చట్రం కట్టించండి. మన తీరప్రాంతపు చెమ్మకు అద్దాన్ని అంటుకున్న అచ్చు చిరగకుండా ఊడిరావడం కష్టం.