జతకట్టి విడిపోయే వాయువును కంప్యూటరులో అనుకరించడం

అనంతపురంలో ఎమ్మెస్సీ రసాయనశాస్త్రం చదివేవారికి నైట్రోజన్ డయాక్సైడ్ కొత్త కాదు. మూతి మూసిన గాజునాళికను వేడినీటిలో ముంచితే ఎర్ర గోధుమరంగు చిక్కబడటం, మంచునీటిలో ముంచితే వెలిసిపోవడం తరగతిలో చూసే ఉంటారు. ఆ రంగు డయాక్సైడ్‌ది; దాని అణువులు రెండేసి జతకట్టగా ఏర్పడే టెట్రాక్సైడ్‌కు రంగు లేదు. ద్రవరూపంలోని టెట్రాక్సైడ్ 21 డిగ్రీల సెల్సియస్ వద్దే మరుగుతుంది. మన ఎండలకు సీసాలో నిలవని ఈ విషపదార్థాన్ని కంప్యూటరులో పరిశీలించడమే క్షేమం.

ఇక్కడ మొదట వదులుకోవలసింది అణువుల సంఖ్యను స్థిరంగా ఉంచే అలవాటు. మారకూడనిది నైట్రోజన్ పరమాణువుల మొత్తం మాత్రమే. 1994లో వెలువడిన రియాక్షన్ ఎన్‌సెంబుల్ మాంటీ కార్లో పద్ధతిలో కంప్యూటరు ఒక్కో అడుగులో ఒక మార్పును యాదృచ్ఛికంగా ప్రతిపాదించి, సంభావ్యతను బట్టి దాన్ని అంగీకరిస్తుంది లేదా తిరస్కరిస్తుంది; బంధం ఏ దారిన తెగుతుందో అనుకరించనక్కరలేదు; ఆదర్శ వాయు సమతాస్థితి స్థిరాంకమూ, అణువుల మధ్య ఆకర్షణ వికర్షణలను తెలిపే నమూనా ఉంటే చాలు.

ఆ ఆకర్షణ వికర్షణలను పూర్తిగా తీసేసి తొలి పరీక్ష చేయండి. 100 టెట్రాక్సైడ్ అణువులతో, 298 కెల్విన్, 1 బార్ వద్ద మొదలుపెడితే సగటున సుమారు 81 టెట్రాక్సైడ్, 38 డయాక్సైడ్ అణువులు మిగలాలి. కాగితంపై వేసిన లెక్కా ఇదే చెబుతుంది. ఇది కుదరనిదే ద్రవం జోలికి పోవద్దు.

తప్పు ఎక్కువగా దొర్లేది జతకట్టే చర్యను అంగీకరించే సూత్రంలోనే. డయాక్సైడ్ అణువులు ఎన్ని ఉంటే ఆ సంఖ్య వర్గాన్ని వేయడం సహజంగా అనిపిస్తుంది గాని, వేయవలసింది ఆ సంఖ్యను దానికంటే ఒకటి తక్కువైన సంఖ్యతో హెచ్చించగా వచ్చే లబ్ధం. వేల అణువులున్న వాయువులో ఈ తేడా కనబడదు. మరుగుస్థానం వద్ద ద్రవంలో డయాక్సైడ్ నూటికి 0.1 వంతే ఉంటుంది కాబట్టి, 500 అణువులుండే అనుకరణ పెట్టెలో సగటున అర అణువైనా మించదు. అక్కడ ఒంటరి అణువుకు సున్నా రావలసిన చోట వర్గం ఒకటి ఇస్తుంది, ప్రోగ్రాము లేని జతను కలుపుతుంది. నేను రాసిన తొలి ప్రోగ్రాములో 200 నైట్రోజన్ పరమాణువులు రాత్రికి రాత్రే 201 అయినప్పుడు ఈ సంగతి తెలిసింది. అందువల్ల ప్రతి వెయ్యి అడుగులకొకసారి పరమాణువులను లెక్కించండి. తిరస్కరించిన అడుగుల్లో పాత స్థితిని సగటులో మళ్లీ కలపండి.

ద్రవ బాష్ప సమతాస్థితికి 1987లో పనాజియోటోపౌలోస్ ప్రతిపాదించిన గిబ్స్ పద్ధతిని అనుసరించి, ఒకటి ద్రవానికి, ఒకటి బాష్పానికి రెండు పెట్టెలు పెట్టండి. ఉష్ణోగ్రత నిర్ణయమైతే పీడనం దానంతటదే తేలుతుంది కాబట్టి మొత్తం ఘనపరిమాణాన్ని స్థిరంగా ఉంచాలి. చర్య రెండు పెట్టెల్లోనూ జరిగితే, పెట్టె నుంచి పెట్టెకు చిన్న డయాక్సైడ్ అణువును మాత్రమే మార్చినా సరిపోతుంది. పెద్ద టెట్రాక్సైడ్‌కు చిక్కని ద్రవంలో చోటు దొరకదు. అయితే మార్చడానికి ద్రవంలో డయాక్సైడ్ ఉండాలిగదా, అందుకే 350 కెల్విన్‌కు పైన మొదలుపెట్టి క్రమంగా చల్లార్చడం మేలు. ద్రవానికీ బాష్పానికీ తేడా చెరిగిపోయే సందిగ్ధ ఉష్ణోగ్రత 431 కెల్విన్‌కు మరీ దగ్గరైతే ఏ పెట్టె ద్రవమో, ఏది బాష్పమో తెలియకుండా తారుమారవుతాయి.

వేసవిలో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం కాబట్టి గంటకొకసారి స్థితిని ఫైలులో భద్రపరచండి. అణువుల స్థానాలతోపాటు యాదృచ్ఛిక సంఖ్యల జనకం ఎక్కడ ఆగిందో కూడా అందులో రాయండి.