స్పార్క్ ప్లగ్గులు మార్చాక కూడా మిస్సింగ్ (ఏదో ఒక సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండకపోవడం) వస్తోందా?

స్టార్ట్ చేయగానే ఇంజిన్ వణుకు, చెక్ ఇంజిన్ లైటు మిణుకుమిణుకు. ప్లగ్గులు మార్చకముందు ఇది లేదంటే వేరే ఎక్కడా వెతక్కండి, బండి ఆపేసి ప్లగ్గుకు కరెంటు ఇచ్చే కాయిల్ కప్లర్లు (వైరు కనెక్టర్లు) చూడండి. ‘టిక్’మని లాక్ పడిందా? మెల్లగా లాగితే ఊడి వస్తోందా? ఇది చూడకుండా కొత్త కాయిల్ కొన్నవాళ్లను ఎంతమందిని చూశానో. లైటు మిణుకుతుంటే మాత్రం బండి తిప్పకండి. కాలని పెట్రోలు వెళ్లి పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను మాడ్చేస్తుంది.

ఇంజిన్ పైనుంచి ‘చఫ్ చఫ్’ శబ్దం వస్తే ప్లగ్గు లూజు. చల్లారాక బిగించండి. వాషరున్న కొత్త ప్లగ్గయితే చేత్తో పూర్తిగా తిప్పాక సాకెట్‌తో అర నుంచి మూడింట రెండు వంతుల చుట్టు చాలు.

అసలు ఏడిపించేది ఇంకొకటి. ఐడ్లింగ్ నున్నగా ఉంటుంది. ఫ్లైఓవర్ ఎక్కుతూ మూడో గేరులో కాలు నొక్కగానే కుదుపులు. కొన్ని బండ్లు పెట్రోల్ మీద బాగానే పోతాయి, సీఎన్‌జీకి మార్చగానే మిస్ కొడతాయి. నా దగ్గరికి మొదటిసారి ఇలాంటిది వచ్చినప్పుడు అదే సిలిండర్‌లో రెండుసార్లు కొత్త ప్లగ్గు వేశాను, ఇంజెక్టర్లు కడిగించాను. తప్పంతా కాయిల్ కింద ప్లగ్గు మీదికి దిగే రబ్బరు బూటులో ఉంది. లోపలివైపు పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్లగీత.

లోడ్ పడితే సిలిండర్‌లో ఒత్తిడి పెరుగుతుంది, స్పార్క్ దూకడానికి వోల్టేజీ ఎక్కువ కావాలి. సీఎన్‌జీకి ఇంకా ఎక్కువ. అప్పుడు కరెంటు గ్యాప్‌లో దూకకుండా తెల్ల పింగాణీ పక్కనుంచి ప్లగ్గు ఇనుప ఒంటికి దిగిపోతుంది. దిగినచోట బొగ్గుచార మిగులుతుంది, మళ్లీ అదే దారి పడుతుంది.

బూటును టార్చి వెలుగులో తిప్పి చూడండి. పింగాణీ మీద కూడా చార ఉందేమో చూడండి. ఉంటే రెండూ ఒకేసారి మార్చాలి. గుడ్డతో తుడిస్తే సరిపోదు. ప్లగ్గు ఒక్కటే మారిస్తే పాత బూటు దాన్ని మళ్లీ పాడుచేస్తుంది, నేను పోగొట్టుకున్న రెండు ప్లగ్గులూ అలా పోయినవే. చాలా కాయిల్స్‌కు బూటు విడిగా దొరుకుతుంది. గీత కనబడకపోతే, స్కానర్‌లో పీ0302 కోడు (రెండో సిలిండర్ మిస్సింగ్) వచ్చిందనుకోండి, రెండో సిలిండర్ కాయిల్‌ను బూటుతో సహా మూడోదానికి, మూడోదాన్ని రెండోదానికి మార్చండి. కోడు పీ0302 నుంచి పీ0303కి (మూడో సిలిండర్‌కు) పోతే దోషం కాయిల్‌దో బూటుదో. రెండు కోడ్లూ వస్తే పాత స్థానంలోని ప్లగ్గు కూడా పోయినట్టే.

ప్లగ్గు గుంటలో ఆయిల్ ఉందా? అయితే ట్యాపెట్ కవర్ (ఇంజిన్ పైమూత) ప్యాకింగ్, ప్లగ్గు ట్యూబు సీళ్లు ముందు మార్పించండి. ఆయిల్‌లో నానిన రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది, కొత్త బూటు కూడా నిలవదు.

పింగాణీ పగలడం సాకెట్ వంకరగా పెట్టినప్పుడు జరుగుతుంది. కింద పడిన ప్లగ్గు వేయకండి. ఇంజెక్టర్, కంప్రెషన్ అనుమానాలు ఇవన్నీ చూశాకే.

కొత్త బూటు పెట్టేటప్పుడు లోపలి అంచుకు సిలికాన్ గ్రీజు పలచగా రాయండి, స్ప్రింగుకు అంటనివ్వకండి.