ఊళ్లో కొత్త యూనిట్‌కి అమ్మోనియా కూలింగ్ ప్లాంటు: తెలంగాణలో అనుమతులకు దరఖాస్తు ఎలా చేయాలి

మామిడి గుజ్జు తీసే యూనిట్ అనుకోండి, లేదా పాల యూనిట్, ఐస్ ప్లాంటు, ఏదైనా సరే. ఊరి బయట పొలంలో షెడ్డు వేసి అందులో కంప్రెసర్లు, కండెన్సర్లు, కోల్డ్ రూములు పెట్టాలంటే ముందు ఏ ఆఫీసుకి వెళ్లాలని అందరూ అడుగుతారు. ముందు ఆఫీసుకి కాదు, కూలింగ్ ప్లాంటు వేసే ఇంజనీరు దగ్గరికి వెళ్లండి. ఆయనతో ఒక్క కాగితం రాయించుకోండి: ఎన్ని టన్నుల రిఫ్రిజిరేషన్, మోటార్లన్నీ కలిపి ఎన్ని కిలోవాట్లు, ఏ గ్యాస్, ఎన్ని కిలోలు, రోజుకి ఎన్ని నీళ్లు, మెషిన్ రూమ్ ఎక్కడ. ఇకపై మీరు పెట్టే ప్రతి దరఖాస్తులోకీ ఈ కాగితంలోని అంకెలే వెళ్తాయి.

మేం అది చేయలేదు. పొల్యూషన్ దరఖాస్తు పెట్టాక వెండర్ డిజైన్ మార్చాడు, కరెంటు దరఖాస్తులో కొత్త లోడ్ రాశాం, ఫ్యాక్టరీ డ్రాయింగులో పాత మెషిన్ రూమే ఉండిపోయింది, మూడు చోట్ల మూడు లెక్కలు కనపడేసరికి క్వెరీలు మొదలయ్యాయి. దాని మీద ఇంకో తికమక, 'టన్ను' అనే మాట. రిఫ్రిజిరేషన్‌లో ఒక టన్ను అంటే సుమారు 3.5 కిలోవాట్ల చల్లదనం, సరుకు బరువు కాదు. మా కన్సల్టెంట్ 50 టన్నుల కూలింగ్‌ని నిల్వ సామర్థ్యం గడిలో రాసేశాడు.

గ్యాస్ సంగతి కూడా అప్పుడే తేల్చుకోండి. సెకండ్ హ్యాండ్‌లో ఆర్-22 మెషిన్ చవగ్గా వస్తుందని ఎవరైనా చెబితే ఆశపడకండి, ఆ గ్యాస్‌తో కొత్త మెషిన్ల తయారీ మన దేశంలో 2024 చివరితో ఆగిపోయింది, రానురాను గ్యాస్ దొరకడమే కష్టమవుతుంది. పెద్ద లోడ్‌కి అమ్మోనియా బాగుంటుంది, కరెంటు తక్కువ తాగుతుంది, కాకపోతే విషవాయువు, రాగినీ ఇత్తడినీ తినేస్తుంది, తెలిసిన ఆపరేటర్ ఊళ్లోనే ఉండాలి. ఒకటి రెండు చిన్న కోల్డ్ రూములకైతే అమ్మోనియా జోలికి పోకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఇక దరఖాస్తులు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా నమోదు) ఉచితం, ఆధార్, పాన్‌తో మీరే చేసుకోవచ్చు, ఎవరికీ డబ్బులివ్వకండి. భూమి ఇంకా వ్యవసాయ భూమిగానే ఉంటే భూభారతి పోర్టల్‌లో నాలా మార్పిడికి, అంటే వ్యవసాయేతర భూమిగా మార్చడానికి పెట్టి, స్లాట్ రోజున తహసీల్దార్ ఆఫీసుకి వెళ్లాలి. ఇది అయ్యాకే మిగతావి సాఫీగా కదులుతాయి.

తర్వాత టీజీ ఐపాస్, అంటే పాత టీఎస్ ఐపాస్. 2014లో చట్టం చేసి తెచ్చిన సింగిల్ విండో ఇది, అంటే వేర్వేరు శాఖల అనుమతులకి ఒకే చోట దరఖాస్తు. (ఆంధ్రాలో వాళ్లకి దీని బదులు సింగిల్ డెస్క్ పోర్టల్ ఉంది.) లాగిన్ అయ్యాక పెట్టుబడి, కరెంటు లోడ్, నీళ్లు, పనివాళ్లు ఇలా అడుగుతుంది, మీ జవాబుల్ని బట్టి ఏ అనుమతులు కావాలో అదే చూపిస్తుంది. ఆ ప్రశ్నల దగ్గర తొందరపడొద్దు. 5 కోట్ల లోపు పెట్టుబడైతే కలెక్టర్ ఆధ్వర్యంలోని జిల్లా కమిటీ చూస్తుంది. ఏదైనా ఇరుక్కుంటే జిల్లా పరిశ్రమల కేంద్రం జనరల్ మేనేజర్ ఆఫీసులో అడగండి, అక్కడి వాళ్లకి చెప్పుకుంటే పని కదులుతుంది.

కట్టడం మొదలుపెట్టకముందు రావాల్సినవి ఇవి: పొల్యూషన్ కంట్రోల్ బోర్డు నుంచి సీఎఫ్‌ఈ (కట్టడానికి ముందే తీసుకునే సమ్మతి), ఫ్యాక్టరీల శాఖ నుంచి ప్లాన్ అప్రూవల్, భవన అనుమతి, బోరు వేస్తే వాల్టా (నీరు, భూమి, చెట్ల చట్టం) అనుమతి, కరెంటు. సీఎఫ్‌ఈ లేకుండా పునాది తీయొద్దు, బ్యాంకు కూడా అడుగుతుంది. 2016 నాటి కాలుష్య వర్గీకరణలో కోల్డ్ స్టోరేజీ, ఐస్ తయారీ గ్రీన్ కేటగిరీ (కాలుష్యం తక్కువ), పండ్ల ప్రాసెసింగ్ ఆరెంజ్ (అంతకంటే ఎక్కువ). 'మాది కోల్డ్ స్టోరేజీయే కదా' అని గుజ్జు లైన్‌ని దాచి గ్రీన్‌లో పెడితే తనిఖీలో దొరికిపోతారు. జనరేటర్‌ని కూడా ఈ సీఎఫ్‌ఈ దరఖాస్తులోనే చూపించండి.

ఫ్యాక్టరీ ప్లాన్‌కి వస్తే, పాత 1948 ఫ్యాక్టరీల చట్టంలో కరెంటుతో నడిచే చోట 10 మంది పనివాళ్లుంటే ఫ్యాక్టరీ అయ్యేది, 2025 నవంబర్ 21న అమల్లోకొచ్చిన కొత్త లేబర్ కోడ్‌లో 20 మంది. సీజన్‌లో వచ్చే కూలీల్ని కూడా లెక్కలో వేసుకోండి. డ్రాయింగులో మెషిన్ రూమ్ విడిగా, రెండు తలుపులతో, అవి బయటికి తెరుచుకునేలా ఉండాలి, లేబర్ రూములు దానికి దూరంగా, లీకైన గ్యాస్ గాలికి అటు కొట్టుకురాకుండా దిక్కు చూసుకుని పెట్టాలి. ఐఎస్ 660 అనే భారతీయ ప్రమాణం మెకానికల్ రిఫ్రిజిరేషన్ భద్రత గురించే, వెండర్‌ని దాని ప్రకారమే చేయమనండి.

నీళ్లని తక్కువ అంచనా వేయొద్దు. 50 టన్నుల ప్లాంటు రోజంతా ఫుల్‌గా నడిస్తే కండెన్సర్ దగ్గర ఆవిరయ్యేవే 8,000 లీటర్ల దాకా ఉంటాయి, మురికి తీయడానికి వదిలేవి వేరే.

డబ్బు పోయేది మాత్రం కరెంటు దగ్గరే. హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్‌లో మీరు రాసిచ్చిన కాంట్రాక్ట్ డిమాండ్‌లో, అంటే మీకు కావాలని ఒప్పుకున్న గరిష్ఠ లోడ్‌లో, 80 శాతానికి డిమాండ్ చార్జీ ఎలాగూ పడుతుంది, ప్లాంటు ఆపేసి తాళం వేసినా సరే. మామిడిలాంటి రెండు మూడు నెలల పనైతే సీజనల్ ఇండస్ట్రీ ఆప్షన్ గురించి డిస్కమ్ (కరెంటు పంపిణీ సంస్థ) ఆఫీసులో ముందే అడిగి రాతపూర్వకంగా పెట్టండి. 'ఎందుకైనా మంచిది' అని లోడ్ ఎక్కువ రాయకండి, మాకు ఆ భయమే ఖరీదైంది. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాక ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరేట్ అనుమతి వస్తేనే సరఫరా ఇస్తారు.

పైపులు వేశాక నైట్రోజన్‌తో ప్రెషర్ టెస్ట్ చేయించి రిపోర్టు దాచుకోండి, ఆక్సిజన్ సిలిండర్ పెట్టి టెస్ట్ చేస్తామంటే ఆ మేస్త్రీని వెంటనే పంపించేయండి, ఆయిల్ తగిలితే పేలిపోతుంది. ఆ రిపోర్టుతో, ఫొటోలతో సీఎఫ్‌ఓకి (ప్లాంటు నడపడానికి పొల్యూషన్ బోర్డు ఇచ్చే సమ్మతి), ఫ్యాక్టరీ లైసెన్స్‌కి, తినేదైతే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆహార లైసెన్స్‌కి పెట్టాలి.

గ్యాస్ నింపే రోజు సర్పంచ్‌కి, పక్క పొలాల వాళ్లకి ముందురోజే చెప్పండి. అమ్మోనియా కొంచెం లీకైనా ముక్కు పట్టేస్తుంది, చెప్పకపోతే ఊరంతా ఫిర్యాదు రాస్తుంది.