పిల్లల పెద్ద పుట్టుమచ్చకు ఆపరేషన్: ఎండాకాలం సెలవుల్లో పెట్టుకునే ముందు చూసుకోవాల్సినవి

ఏప్రిల్ చివర బడికి సెలవులిస్తారు, జూన్‌లో తెరుస్తారు. అందుకే కర్నూలు, అనంతపురం, కడప వైపు పిల్లల ఆపరేషన్ మాట రాగానే "మే నెలలో పెట్టుకుందాంలే" అంటారు. వీపు మీదో తొడ మీదో అరచేతంత పుట్టుమచ్చ తీయించాలంటే మాత్రం మన దగ్గర మే కంటే చెడ్డ నెల లేదు. 40 డిగ్రీలు దాటిన ఎండకు కట్టు కింద చెమట నిలుస్తుంది, ప్లాస్టర్ అంచులు లేస్తాయి, చుట్టూ చెమటకాయలు వస్తాయి, బిడ్డ గోక్కుంటుంది, కుట్టు దగ్గర చర్మం నాని విడుతుంది. అనంతపురం వైపైతే జూన్ దాటాక దుమ్ముగాలి మొదలు. తేదీ మీ చేతుల్లో ఉంటే నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు పెట్టుకోండి. ఈ మచ్చలు చాలావరకు నాలుగు నెలలు ఆగితే మునిగిపోయేవి కావు. బడి పది రోజులు పోతే పోనీయండి.

అసలు అది ఏ మచ్చ?

పుట్టినప్పుడున్న ప్రతి మచ్చకూ కత్తి అక్కర్లేదు. నడుము కింద, పిరుదుల మీద నీలం బూడిద రంగులో కమిలినట్టుండే మచ్చ చాలామంది పిల్లలకు బడి వయసు వచ్చేలోపు దానంతటదే పోతుంది. పుట్టాక కొన్ని వారాలకు ఎర్రగా లేచి, తొలి నెలల్లో గబగబా పెరిగేది రక్తనాళాల గడ్డ. ఇబ్బంది పెట్టే చోట ఉంటే ప్రొప్రనొలాల్ మందుతో తగ్గిస్తారు, లేదంటే చాలావాటిని చూస్తూ ఊరుకుంటారు. ముఖం మీద చదునుగా, ద్రాక్షరసం ఒలికినట్టు ఎర్రగా ఉండేదానికి లేజర్. ఇక్కడ చెప్పేది గోధుమరంగు నుంచి నలుపు దాకా ఉండి, పుట్టుకతోనే వచ్చి, తరచూ వెంట్రుకలు మొలిచే పెద్ద పుట్టుమచ్చ గురించి.

అది గ్రహణం రోజు తల్లి గోక్కోవడం వల్ల రాదు, మేనరికం వల్లా రాదు. కడుపులో బిడ్డ పెరిగేటప్పుడు రంగు కణాల్లో ఒకచోట జన్యువులో వచ్చిన మార్పు అది. తల్లిని అనడం మానేస్తే సగం గొడవ తీరుతుంది.

బిడ్డతోపాటు మచ్చా పెరుగుతుంది. పసిబిడ్డ తల మీది మచ్చ పెద్దయ్యేసరికి ఒకటిన్నర రెట్లకు కాస్త పైన, వీపు మీదిది దాదాపు మూడు రెట్లు, కాలు మీదిది మూడు రెట్లు దాటి అవుతుంది. పుట్టినప్పుడు వీపున 7 సెం.మీ. ఉంటే పెద్దయ్యాక 20 సెం.మీ. అని లెక్క. 20 దాటితే డాక్టర్లు పెద్ద మచ్చ అంటారు. నెలకోసారి పక్కన స్కేలు పెట్టి, పగటి వెలుతురులో ఫోటో తీసి పెట్టుకోండి. సర్జన్‌కు మీ జ్ఞాపకం కన్నా ఆ ఫోటోలే ఎక్కువ పనికొస్తాయి.

క్యాన్సర్ భయం గురించి సూటిగా చెప్పుకోవాలి. చిన్న మచ్చల్లో ఆ ప్రమాదం 100కు 1 కన్నా తక్కువ. చాలా పెద్దవాటిలో ఎక్కువే, ముఖ్యంగా చుట్టూ చిన్న చిన్న మచ్చలు చాలా ఉంటే. అయితే మచ్చ తీసేసినంత మాత్రాన ఆ ప్రమాదం పూర్తిగా పోదు. రంగు కణాలు చర్మం కింది కొవ్వు దాకా దిగి ఉంటాయి, కొన్నిసార్లు మెదడు పొరల్లోనూ ఉంటాయి. అందుకే రెండు మూడు మచ్చలున్నా, వీపు మధ్య చాలా పెద్దది ఉన్నా, ఆపరేషన్ మాట కంటే ముందు మెదడు, వెన్ను ఎం.ఆర్.ఐ. గురించి అడగండి. ఆరు నెలల వయసు లోపు తీస్తేనే అది స్పష్టంగా కనిపిస్తుంది. ఫిట్స్, ఆగని వాంతులు, తల చుట్టుకొలత వేగంగా పెరగడం, మచ్చలో వేలికి తగిలే కొత్త గడ్డ, మానని పుండు, రక్తం కారడం: వీటిలో ఏది కనిపించినా సెలవుల కోసం చూడకండి, ఆ వారమే వెళ్లండి.

ఇంట్లో చేయకూడనివి

సున్నం, చాకలిసోడా కలిపి పెట్టి మచ్చను "తినేయించడం", నల్లజీడి రసం రాయడం ఇంకా జరుగుతున్నాయి. రెండూ చర్మాన్ని కాలుస్తాయి. పైన పుండై మానాక మచ్చ లోపలి నుంచి మళ్లీ తేలుతుంది. ఈసారి గట్టిపడిన చర్మంలోంచి తేలుతుంది కాబట్టి సర్జన్‌కు కుట్టడానికి సాగే చర్మం మిగలదు. కరెంటుతోనో లేజర్‌తోనో "ఒక్క సిట్టింగ్‌లో" కాల్చేస్తామనే చోటా ఇదే చిక్కు, పైగా పరీక్షకు పంపడానికి ముక్క కూడా మిగలదు.

తల మీద మచ్చ ఉంటే పుట్టువెంట్రుకల విషయం గుర్తుంచుకోండి. కొండకు పోయినప్పుడు క్షురకుడికి ముందే చూపించి, మచ్చ ఉన్నచోట కత్తి పెట్టకుండా మిషన్‌తో కత్తిరించమనండి. ఆపరేషన్ తేదీ దగ్గర్లో ఉంటే మొక్కు తర్వాతకు వాయిదా వేయడమే మేలు. గీసుకున్న చర్మం మీద సర్జన్ కోత పెట్టరు.

ఒక్కసారితో అయిపోతుందా?

చాలామందికి దిగులు ఇక్కడే పుడుతుంది, కాబట్టి కాగితం మీద గీసి చూడండి. 3 సెం.మీ. గుండ్రటి మచ్చ తీయాలంటే కంటి ఆకారంలో కోయాలి, లేకపోతే రెండు చివర్లా చర్మం ముడతగా పైకి లేస్తుంది. అలా కోస్తే మిగిలే గీత పొడవు దాదాపు 9 సెం.మీ. మచ్చకు మూడింతలు. ఇది ముందే తెలియకపోతే కట్టు విప్పిన రోజు "ఇంత కోశారేంటి" అని ఏడుస్తారు.

అంతకన్నా పెద్దదైతే మూడు దారులు. మొదటిది విడతలుగా కోయడం: మధ్యలోంచి ఒక ముక్క తీసి కుట్టి, చర్మం సాగేదాకా మూడు నుంచి ఆరు నెలలు ఆగి, మళ్లీ తీయడం. రెండు, మూడు విడతలు మామూలే. రెండోది తొడ చర్మం తీసి అతికించడం. ఈ దారిలో పుండ్లు రెండు. తొడ మీది గాయం మానడానికి పది, పద్నాలుగు రోజులు పడుతుంది. దాని మీద అతుక్కున్న కట్టు దానంతటదే ఊడాలి, లాగితే కొత్త చర్మం కూడా వస్తుంది.

మూడోది చర్మం కింద సిలికాన్ సంచి పెట్టి ఉబ్బించడం. మచ్చ పక్కన మంచి చర్మం కింద ఖాళీ సంచి ఉంచుతారు. కుట్టు మానాక, సుమారు రెండు వారాలకు, చర్మం కిందే ఉన్న చిన్న మూత గుండా సన్నటి సూదితో వారానికోసారి సెలైన్ ఎక్కిస్తారు. పైచర్మం బిగిసి తెల్లబడితే ఆ రోజుకు ఆపేస్తారు. ఇలా రెండు మూడు నెలలు. బుడగంత ఉబ్బిన ఆ చర్మంతోనే తర్వాత మచ్చ తీసిన చోటు కప్పుతారు. ఫలితం బాగుంటుంది, కానీ ఈ దారి ఇల్లు చూసి ఎంచుకోవాలి. ఆదోని నుంచి కర్నూలుకో, జమ్మలమడుగు నుంచి కడపకో వారం వారం బస్సులో తిప్పగలరా? వీపు మీద బుడగతో ఉన్న బిడ్డ మిద్దె మెట్ల మీద, బండి ట్యాంకు మీద ఉండకుండా కాచుకోగలరా? సంచి మీది చర్మం ఎర్రబడితే, మెరిసేంత పలచబడితే, ఉన్నట్టుండి బుడగ తగ్గిపోతే అదే రోజు చూపించాలి. సంచి బయటపడితే తీసేయడం తప్ప వేరే దారి ఉండదు, రెండు నెలల శ్రమ పోతుంది.

సర్జన్ దగ్గరికి పోయినప్పుడు మరో రెండు విషయాలు అడగండి. తీసిన ముక్కను ఫార్మలిన్ సీసాలో వేసి బయాప్సీకి పంపుతారా, రిపోర్టు ఎన్ని రోజులకు వస్తుంది? గోరంత ముక్కయినా పంపాల్సిందే. ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఇది వస్తుందా లేదా అన్నది ఆస్పత్రిలో ఆ పథకం పనులు చూసేవాళ్లను అడ్మిషన్‌కు ముందే అడగండి. అందం కోసం అని కాగితం మీద రాస్తే దరఖాస్తు తిరిగి వచ్చేస్తుంది కాబట్టి, పుండు పడటం, రక్తం కారడం, కదలికకు అడ్డం లాంటి కారణం నిజంగా ఉంటే అది ఓపీ చీటీలో రాయించుకోండి. ప్లాస్టిక్ సర్జరీ ఓపీ ఏ రోజో ముందు కనుక్కొని బయల్దేరండి.

మత్తుకు ముందు

పెద్ద మచ్చలకు పూర్తి మత్తే ఇస్తారు. అంత వెడల్పున మొద్దుబారే మందు ఎక్కించాలంటే బిడ్డ బరువుకు మించిన మోతాదు పడుతుంది. మత్తు డాక్టర్ అడగకపోయినా మీరు చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత ఊపిరి తిరిగి రావడం ఆలస్యమైందా, వెంటిలేటర్ మీద ఉంచారా? కొందరి రక్తంలో ఒక మత్తు ఇంజెక్షన్‌ను విరగ్గొట్టే ఎంజైమ్ తక్కువగా ఉంటుంది, మేనరికం సంబంధాల్లో అది బిడ్డకు వచ్చే అవకాశం పెరుగుతుంది. మేనమామలకు దెబ్బ తగిలితే రక్తం ఆగని జబ్బు ఉందా? హీమోఫీలియా తల్లి వైపు నుంచి మగబిడ్డకు వస్తుంది. "మా వాళ్లకు అలాంటివేం లేవు" అని తండ్రి ఒక్కడే జవాబు చెబితే సగం సంగతే తెలుస్తుంది. బిడ్డ అమ్మమ్మనూ అడిగి రండి.

జలుబు, దగ్గు, జ్వరం ఉంటే దాచకండి. గొంతు బిగుసుకుపోయే ప్రమాదం అప్పుడే ఎక్కువ. రెండు నుంచి నాలుగు వారాలు వాయిదా వేస్తారు. ఈమధ్యే టీకా వేయించి ఉంటే అదీ చెప్పండి. రక్తం తక్కువగా ఉన్న బిడ్డకు నెల ముందే ఐరన్ మొదలుపెట్టించండి.

ఇక ఆకలి లెక్క. అన్నం, బిస్కెట్, ఆవుపాలు, డబ్బాపాలు ఆపరేషన్‌కు 6 గంటల ముందు ఆపాలి. తల్లిపాలు 4 గంటల ముందు. మంచినీళ్లు 2 గంటల ముందు వరకు ఇవ్వొచ్చు, ఎండాకాలంలో ఇవ్వాలి కూడా. మజ్జిగను మంచినీళ్ల కింద లెక్కేయొద్దు. తెల్లవారుజామున బిడ్డ ఏడుస్తుంటే జేజి చాటుగా ఒక బిస్కెట్ పెడుతుంది. మత్తులో అది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ప్రేమతో పెట్టేదే కాబట్టి ముందురోజు రాత్రే జేజికి కారణంతో సహా చెప్పండి. పెట్టి ఉంటే మాత్రం ఒప్పుకోండి, కేసు మధ్యాహ్నానికి జరుపుతారు, అంతే.

మొలతాడు, వెండి మురుగులు, తాయెత్తు ఇంట్లోనే తీసేయండి. రక్తం ఆపడానికి వాడే కరెంటు పరికరం దగ్గర లోహం ఉంటే చర్మం కాలవచ్చు. గోళ్లరంగు తుడిచేయండి, ఆక్సిజన్ చూపే క్లిప్పు వేలికే పెడతారు.

ఇంటికి తెచ్చాక

మొదటి 24 గంటల్లో కట్టు తడిసేలా రక్తం వస్తే శుభ్రమైన గుడ్డతో 10 నిమిషాలు వదలకుండా అదమండి. మధ్యలో ఎత్తి చూస్తే గడ్డకట్టింది కాస్తా పోతుంది. ఆగకపోతే ఆస్పత్రికి. నొప్పి రోజురోజుకూ తగ్గాలి. మూడో రోజు తర్వాత పెరిగితే, ఎరుపు పాకితే, వాసన వస్తే, జ్వరం 100.4 దాటితే చీము పడుతోందని అర్థం.

పారాసిటమాల్ కిలోకు 15 మి.గ్రా., ఆరు గంటలకోసారి, రోజుకు నాలుగు సార్లకు మించకూడదు. 10 కిలోల బిడ్డకు 150 మి.గ్రా. అవి 5 మి.లీ.లో 250 ఉన్న సిరప్‌లో 3 మి.లీ., 120 ఉన్న సిరప్‌లో 6 మి.లీ.కు కాస్త పైన, 1 మి.లీ.లో 100 ఉన్న చుక్కల మందులో ఒకటిన్నర మి.లీ. "పోయినసారి ఆరు పోశాం" అని చుక్కల మందు ఆరు పోస్తే నాలుగింతలు. సీసా మీది అంకె చూడకుండా మూత తీయకండి. ఆస్పిరిన్ వద్దు.

48 గంటలు కట్టు తడవకూడదు. ఆ తర్వాత కూడా సర్జన్ చెప్పేదాకా తడిగుడ్డతో ఒళ్లు తుడవడమే. ముందు గుండీలుండే పలచటి నూలు చొక్కాలు నాలుగు కుట్టించి పెట్టుకోండి, తల మీంచి తొడిగే బనియన్లు వీపు కుట్టును లాగుతాయి. కూలర్ గాలి నేరుగా కట్టు మీదికి రానీయకండి, చెమ్మకు ప్లాస్టర్ నిలవదు. కట్టు చెమటకు తడిస్తే పైన ఇంకో పొర చుట్టకుండా మార్పించండి. పసుపు, కొబ్బరినూనె, వేపాకు ముద్ద కుట్ల మీదికి వద్దు.

పప్పు, గుడ్డు తింటే చీము పడుతుందని పథ్యం పెట్టేవాళ్లు మన వైపు ఎక్కువ. గాయం అతుక్కోవడానికి కావాల్సిన మాంసకృత్తులు వాటిలోనే ఉన్నాయి. రాగిసంగటి, పప్పు, గుడ్డు, ఉడికించిన చెనిక్కాయలు, నిమ్మకాయ నీళ్లు, అన్నీ పెట్టండి.

కుట్లు ముఖం మీద 5 నుంచి 7 రోజులకు, తల మీద 7 నుంచి 10కి, వీపు, కాళ్ల మీద 10 నుంచి 14కి తీస్తారు. తీసిన రోజు గాయం మానినట్టే కనిపిస్తుంది, అసలు జాగ్రత్త అప్పుడే కావాలి. మూడు వారాలకు ఆ చర్మానికి వచ్చే బలం మామూలు చర్మంలో మూడోవంతు కూడా ఉండదు, మూడు నెలలకు 80 శాతం దాకా వస్తుంది. బడిసంచి, సైకిల్, గోడలెక్కడం ఆ లెక్కన ఆపండి. గాయం పూర్తిగా మూసుకున్నాక సిలికాన్ షీటు రోజుకు 12 గంటలకు పైగా, మూడు నెలలు వాడితే గీత ఉబ్బకుండా ఉంటుంది. మన ఎండలో దాన్ని రోజూ కడిగి, ఒంటి చెమట తుడిచి పెట్టాలి, లేకపోతే కిందే చెమటకాయలు వస్తాయి. ఏడాది పాటు ఆ గీత మీద గుడ్డ కప్పే ఎండలోకి పంపండి. గీత అంచున నల్లచుక్క మళ్లీ తేలితే పాత స్కేలు పెట్టి ఫోటో తీసి, బయాప్సీ రిపోర్టుతో సహా సర్జన్‌కు చూపించండి.