శీతల గిడ్డంగి లేకుండా శనగలను పుచ్చు పట్టకుండా దాచుకోవడం

ప్రకాశం జిల్లా నల్లరేగడి భూముల్లో పండిన శనగ ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఇంటికి చేరుతుంది. ధర కోసం పంటను ఆపుకొని శీతల గిడ్డంగి అద్దె భరించలేని రైతుకైనా, అక్టోబరు, నవంబరులో విత్తడానికి నాలుగు బస్తాలు ఇంట్లోనే ఉంచుకునే రైతుకైనా ప్రధాన శత్రువు పుచ్చుపురుగే. దాన్ని అదుపు చేయవచ్చు గాని, గింజకు రంధ్రం కనిపించక ముందే ఆ పని జరగాలి.

తల్లి పురుగు గింజ పైపొరకు గుడ్డును అంటించి పెడుతుంది. గుప్పెడు శనగలను ఎండ వెలుతురులో అరచేతిలో దొర్లించి చూస్తే, ఆవగింజ కన్నా చిన్న చుక్కలు కనిపిస్తాయి. అవి బట్టతో తుడిస్తే పోవు, గోటితో గీకితేనే ఊడతాయి. చుక్క పాలలా తెల్లబడితే, పిల్లపురుగు గుడ్డు అడుగు నుంచే గింజలోకి తొలుచుకుపోయి, ఆ తొలిచిన పిండితో పెంకును నింపిందని అర్థం. అది లోపలే తిని పెరిగి, మన వేసవి వేడికి దాదాపు నెల రోజుల్లో గుండ్రటి రంధ్రం గుండా రెక్కల పురుగై వస్తుంది. ఆ రెక్కల పురుగు గింజను తినదు. బతికే కొద్ది రోజుల్లో పదుల కొద్దీ గుడ్లు పెడుతుంది. మార్చిలో బస్తాకు పది పురుగులున్నా అక్టోబరు నాటికి ఏమవుతుందో ఊహించవచ్చు. నునుపైన, పలుచని పొర ఉన్న కాక్-2 వంటి కాబూలీ రకాలను మరింత జాగ్రత్తగా చూసుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యం ఎండబెట్టడం. గింజలో తేమ 9 నుంచి 10 శాతానికి దిగేదాకా పట్టాల మీద పలుచగా పరచి, మధ్యమధ్య తిరగేయాలి. పంటి కింద మెత్తగా నలిగితే ఇంకా ఎండాలి, టక్కున విరిగితే చాలు. తిండి గింజలకైతే నల్ల పాలిథిన్ మీద రెండు మూడు సెంటీమీటర్ల మందాన పరచి, పైన పారదర్శక పాలిథిన్ కప్పి, అంచులను మట్టితో మూసి, మండుటెండలో రెండు గంటలు ఉంచడం మేలు. లోపలి వేడి 60 డిగ్రీల దాకా చేరితే గింజ లోపలి పిల్లపురుగు కూడా చస్తుంది. విత్తనం కోసం దాచేవాటికి మాత్రం మొలక దెబ్బతినే ప్రమాదం లేకుండా మామూలు ఎండే సరిపెట్టుకోవాలి. ఎండిన గింజ పూర్తిగా చల్లారాకే సంచికెత్తాలి, లేకపోతే లోపల చెమ్మ పడుతుంది.

పాత గోతాల కుట్లలో నిరుటి పురుగు దాగి ఉంటుంది కనుక వాటిని దులిపి, 5 శాతం వేపగింజల కషాయంలో నానబెట్టి, బాగా ఎండబెట్టాకే వాడాలి. గది గోడల పగుళ్లు పూడ్చి, బస్తాలను నేలకూ గోడకూ తగలకుండా చెక్కల మీద పేర్చాలి. తూర్పు తీరంలో అక్టోబరు నుంచి కురిసే వానలకు గచ్చు తడి కింది బస్తాలను పట్టేస్తుంది.

ఇంటి వాడకానికి పెద్దలు ఆముదం పట్టించి దాచే పద్ధతి నిజంగా పనిచేస్తుంది. కిలో గింజలకు 5 మిల్లీలీటర్ల చొప్పున ఆముదం గాని వేరుశనగ నూనె గాని ప్రతి గింజకూ అంటేలా కలిపితే, గుడ్డు సరిగా అతకదు, అతికినా గాలి అందక పొదగదు. డబ్బాలో పోసి పైన మూడంగుళాల మందాన పొడి ఇసుక పరచినా తల్లి పురుగు గింజను చేరలేదు.

ఎక్కువ బస్తాలకు నా దృష్టిలో గాలి చొరని పాలిథిన్ లోసంచులే ఉత్తమం. గింజను నిండుగా పోసి, గాలి నొక్కి తీసి, మూతి మెలిపెట్టి మడిచి బిగించి కడితే, పురుగు లోపలి ఆక్సిజన్‌ను తానే వాడుకొని ఊపిరాడక చస్తుంది. కనీసం నెల దాకా విప్పకూడదు; ఎలుక కొరికి చిల్లు పడితే ఆ శ్రమంతా వృథా. తేమ మిగిలిన గింజను మాత్రం ఇందులో పోస్తే బూజు పడుతుంది.

మామూలు గోతాల్లో దాచినవారు పదిహేను రోజులకోసారి వేర్వేరు బస్తాల నుంచి గుప్పెడేసి తీసి గుడ్ల కోసం చూడాలి. గుడ్లు కనిపించిన బస్తాను వేరు చేసి వెంటనే ఎండకు వేయాలి, లేదా పప్పు పట్టించాలి; బద్దలో ఈ పురుగు అంతగా నిలవదు. గిడ్డంగుల్లో పురుగును చంపడానికి వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలను మాత్రం మనుషులు నిద్రించే ఇంట్లో ఎట్టి పరిస్థితిలోనూ పెట్టకూడదు. వాటి నుంచి వచ్చే విషవాయువు ప్రాణాలు తీస్తుంది.