గ్రామ పంచాయతీ బడ్జెట్‌లో రూపాయిని ఫలితానికి ముడివేయడం ఎలా?

పంచాయతీ బడ్జెట్ పుస్తకం తెరిస్తే "తాగునీటి నిర్వహణ – రూ. 3,00,000" అని ఒక వరుస కనిపిస్తుంది. ఆ మూడు లక్షలు ఖర్చయ్యాక ఊరి చివరి వీధిలో కుళాయి కింద బకెట్టు ఎంతసేపట్లో నిండాలో మాత్రం ఎక్కడా ఉండదు. మార్చి నెలాఖరుకు వోచర్లన్నీ సరిపోతాయి. చివరి వీధి ఆడవాళ్లు మాత్రం అప్పటికీ బిందెలతో పక్క వీధికి నడుస్తూనే ఉంటారు. ఫలితాల ఆధారిత బడ్జెట్ అంటే ఆ వరుస పక్కనే బకెట్టు లెక్క కూడా రాయడం. కేంద్ర ప్రభుత్వం తన శాఖలకు ఈ తరహా బడ్జెట్‌ను 2005లో తెచ్చింది. నిజానికి పంచాయతీలో ఇది ఇంకా తేలిక. ఇక్కడ డబ్బు ఖర్చయిందో లేదో, పని జరిగిందో లేదో పది నిమిషాలు నడిస్తే కళ్లతో చూడొచ్చు.

మూడు వేల జనాభా, ఎనిమిది వందల ఇళ్లు ఉన్న ఊరు అనుకుని లెక్కలు వేద్దాం. మీ ఊరి అంకెలు పెట్టుకుని చూసుకోండి.

ముందు డబ్బు లెక్క

గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక కోసం ప్రజా ప్రణాళిక ప్రచారం అక్టోబరు 2న మొదలవుతుంది. సెప్టెంబరులోనే రాబడి తేల్చుకుని కూర్చోవాలి. ఇక్కడ ఎక్కువ మంది చేసే తప్పు డిమాండును ఆదాయంగా రాయడం. డిమాండు అంటే రావాల్సిన పన్ను, చేతికొచ్చినది కాదు. డీసీబీ రిజిస్టరులో (డిమాండు, వసూలు, బకాయి రాసే పుస్తకం) ఇంటి పన్ను డిమాండు 6 లక్షలు ఉందనుకోండి. గత మూడేళ్ల వసూళ్లు 3.9, 4.2, 3.9 లక్షలైతే బడ్జెట్‌లో రాయాల్సింది వాటి సగటు, అంటే 4 లక్షలు. మిగతా 2 లక్షలను "బకాయిల వసూలు" అనే లక్ష్యంగా వేరే రాసుకోండి. దాన్ని నమ్ముకుని ఏ పనీ పెట్టకండి. పెడితే జనవరికి ఖాతా ఖాళీ అవుతుంది, ముందు ఆగేది పారిశుద్ధ్య కార్మికుల జీతాలు.

తర్వాత ఆర్థిక సంఘం నిధులు. 15వ ఆర్థిక సంఘం లెక్కలో 2021-26 మధ్య టైడ్ వాటా, అంటే చెప్పిన పనులకే వాడాల్సిన డబ్బు, 60 శాతం. అందులో సగం తాగునీరు, వాననీటి సంరక్షణకు, సగం పారిశుద్ధ్యానికి. మిగిలిన 40 శాతం అన్‌టైడ్, అంటే ఊరి అవసరాన్ని బట్టి వాడుకునేది. ఆ లెక్కన ఊరికి 15 లక్షలు వస్తే నీటికి 4.5, పారిశుద్ధ్యానికి 4.5, మిగతా అవసరాలకు 6 లక్షలు. ఆ ఆరు లక్షల్లోంచి కూడా జీతాలు ఇవ్వకూడదు. 2020-21లో టైడ్ వాటా 50 శాతమే ఉండేది, మరుసటి ఏడాదికి 60 అయింది. అందుకే పాత బడ్జెట్ చూసి శాతాలు దించుకోకుండా ఆ ఏటి ఉత్తర్వు ముందు పెట్టుకుని రాయాలి.

ఒక కాగితం మీద ఖాతాల వారీగా క్యాష్‌బుక్ నిల్వ, బ్యాంకు లేదా ట్రెజరీ నిల్వ పక్కపక్కన రాయండి. తేడా వస్తే అది తేలే వరకు ముందుకు వెళ్లొద్దు.

బకెట్టు, గడియారం

ఇప్పుడు ఊరి పరిస్థితిని కొలవాలి. కార్యదర్శి, వార్డు సభ్యులు, మహిళా సంఘాల నుంచి ఇద్దరు, పంపు ఆపరేటరు కలిసి నీళ్లు వదిలే వేళకు చివరి వీధికి వెళ్లండి. 20 లీటర్ల బకెట్టు కుళాయి కింద పెట్టి, ఫోన్‌లో సమయం చూడండి. నిండటానికి 8 నిమిషాలు పట్టిందనుకుందాం. నీళ్లు గంటసేపు వస్తే ఏడున్నర బకెట్లు, అంటే 150 లీటర్లు. నలుగురున్న ఇంట్లో మనిషికి 37.5 లీటర్లు. ఇంటింటికీ కుళాయి నీళ్లిచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ ప్రమాణం మనిషికి రోజుకు 55 లీటర్లు.

ఈ లెక్క చూడగానే "కొత్త బోరు వేయండి" అని అందరూ అంటారు. ఆగండి. ట్యాంకు 60,000 లీటర్లు, రోజుకు మూడుసార్లు నింపుతున్నారు. మొత్తం 1,80,000 లీటర్లను మూడు వేల మందికి పంచితే తలకు 60 లీటర్లు. ఊరికి నీళ్లు సరిపోతున్నాయి, చివరి వీధికి చేరడం లేదు. కారణాలు దారి పొడవునా కనిపిస్తాయి: కారే గేటు వాల్వులు, తల లేని కుళాయిలు, ముందు వీధుల్లో కుళాయిలకు నేరుగా బిగించిన మోటార్లు, వీధుల వారీగా వాల్వు తిప్పే వరుస లేకపోవడం. కొత్త బోరు వేసినా ఆ నీళ్లు కూడా అదే లీకుల్లో పోతాయి. కొలవకుండా పనులు ఎంచుకుంటే పంచాయతీలు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. లక్షల పని మంజూరవుతుంది, సమస్య అలాగే ఉంటుంది.

పారిశుద్ధ్యానికి కూడా ఇదే తీరు. "చెత్తతో ఎరువు చేసే షెడ్డు ఉంది" అని రాసుకోవద్దు. చెత్తబండి నెలలో ఎన్ని రోజులు వచ్చింది, తడి చెత్త, పొడి చెత్త వేరు చేసి ఇచ్చిన ఇళ్లెన్ని, షెడ్డులో ఎన్ని కిలోల ఎరువు తయారై అమ్ముడైంది, ఈ మూడూ రాయండి. తాళం వేసి ఉన్న షెడ్డు కూడా రికార్డులో పూర్తయిన పనే.

లక్ష్యాలు కొన్నే ఉండాలి

సుస్థిర అభివృద్ధి లక్ష్యాలను పంచాయతీల కోసం తొమ్మిది ఇతివృత్తాలుగా మార్చారు: పేదరికం లేని గ్రామం, ఆరోగ్యం, పిల్లలు, నీరు, పచ్చదనం-పరిశుభ్రత, మౌలిక వసతులు, సామాజిక భద్రత, సుపరిపాలన, మహిళలు. తొమ్మిదింటినీ ఒకే ఏడాది నెత్తికెత్తుకోకండి. రెండు తీసుకోండి, వాటిలో నాలుగైదు కొలతలు పెట్టుకోండి. ఒక్కో కొలతకు ఇప్పుడెంత, మార్చి 31కి ఎంత కావాలి, ఎవరు కొలుస్తారు, ఎప్పుడు కొలుస్తారు అన్నవి ఉండాలి. "చివరి వీధిలో 20 లీటర్ల బకెట్టు ఇప్పుడు 8 నిమిషాలు, మార్చికి 5 నిమిషాలు, ప్రతి నెల మొదటి సోమవారం సంఘం ప్రతినిధి కొలుస్తారు" అని రాస్తే అది లక్ష్యం. "నీటి సరఫరా మెరుగుపరచుట" అని రాస్తే దాన్ని ఎవరూ పట్టుకుని అడగలేరు.

గ్రామసభకు ముందు వార్డుల వారీగా కూర్చుంటే మంచిది. తెలంగాణ చట్టం రెండు నెలలకోసారి గ్రామసభ జరపాలంటుంది, ఆంధ్రప్రదేశ్ చట్టం ఏడాదికి కనీసం రెండుసార్లు జరపమంటుంది. ఒక్కటే సభ మీద అంతా పెట్టుకుంటే గొంతు పెద్దదున్నవాళ్ల వీధికే సిమెంటు రోడ్డు వెళ్తుంది. సభలో గోడకు చార్టు కట్టి మొత్తం డబ్బు, తప్పనిసరి ఖర్చులు, మిగిలేది పెద్ద అక్షరాలతో రాయండి. "మిగిలింది ఇంతే, దేనికి పెడదాం?" అని అడిగితే చర్చ మరోలా నడుస్తుంది. మహిళా సంఘాలు తయారుచేసే పేదరిక నిర్మూలన ప్రణాళికను అదే సభలో చదివించాలి.

బడ్జెట్ రాసే వరుస

నిర్వహణ ముందు, కొత్త పనులు తర్వాత. కరెంటు బిల్లు, మోటారు రీవైండింగు, పంపు ఆపరేటరు, కార్మికుల వేతనాలు, ట్రాక్టరు డీజిలు, బ్లీచింగు... ఇవన్నీ ఏడాది మొత్తానికి రాసి తీసేశాక మిగిలిందే పనులకు. తెలంగాణలో బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించడం చట్టంలోనే ఉంది కాబట్టి దాన్నీ ముందే తీసి పెట్టాలి.

పరిమాణం లేని అంకె రాయొద్దు. బ్లీచింగునే తీసుకోండి. మంచి పౌడరైతే వెయ్యి లీటర్లకు సుమారు 2.5 గ్రాములు. 60,000 లీటర్ల ట్యాంకుకు 150 గ్రాములు, మూడుసార్లకు రోజుకు 450 గ్రాములు, ఏడాదికి దాదాపు 165 కిలోలు. తేమ, వేడి తగిలితే పౌడరు సత్తువ పోతుంది. అందుకే ఏప్రిల్‌లో ఒకేసారి కొనకుండా మూడు నెలలకు రెండు 25 కిలోల బస్తాలు చొప్పున కొనండి. దీని ఫలితం "పౌడరు కొన్నాం" కాదు, చివరి కుళాయి దగ్గర లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలడం. పరీక్ష ట్యాంకు దగ్గర చేస్తే ఎప్పుడూ బాగానే వస్తుంది, చివరి ఇంటి దగ్గరే చేయాలి. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు మహిళలకు కిట్టుతో పరీక్ష నేర్పించే ఏర్పాటు ఉంది. ఆ పని వాళ్లకే అప్పగించండి. ఖర్చు పెట్టినవాళ్లే కొలిస్తే ఆ కొలతను ఊరు నమ్మదు.

పోర్టల్‌లో ఎక్కించేటప్పుడు

పంచాయతీల ప్రణాళికలు, లెక్కలు, చెల్లింపుల పోర్టల్ ఈ-గ్రామస్వరాజ్ 2020 ఏప్రిల్ 24న వచ్చింది. అందులో ప్రణాళికకు ఎక్కని పనికి ఆర్థిక సంఘం నిధుల్లోంచి బిల్లు చేయడం కుదరదు. "తాగునీటి పనులు" అని ఒకే ముద్దగా ఎక్కిస్తే వాల్వు బిల్లు, మోటారు బిల్లు విడివిడిగా చూపించలేక చిక్కుపడతారు. ఒక్కో పనిని వేరుగా, టైడా అన్‌టైడా చూసి, సరైన పద్దు కింద ఎక్కించండి. సరఫరాదారు ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ కోడు పాసుపుస్తకంలో ఉన్నట్టే ఉన్నాయో లేదో చూసుకోండి. డిజిటల్ సంతకం గడువు ఎప్పుడు ముగుస్తుందో క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి. అది మార్చిలో ముగిస్తే ఏడాది చివరి బిల్లులన్నీ అక్కడే ఆగుతాయి.

లెక్కలు ఆన్‌లైన్‌లో పెట్టడం ఆలస్యం చేయకూడదు. 2023-24 నుంచి గత ఏడాది తాత్కాలిక లెక్కలు, అంతకు ముందు ఏడాది ఆడిట్ అయిన లెక్కలు ఆన్‌లైన్‌లో ఉన్న స్థానిక సంస్థలకే నిధులొస్తాయని 15వ ఆర్థిక సంఘం షరతు పెట్టింది.

నెలనెలా ఒక్క కాగితం

పాలకవర్గం సమావేశంలో మొదటి అంశం ఆ నాలుగైదు కొలతలే కావాలి. పంచాయతీ గోడ మీద కాగితం: లక్ష్యం, ఈ నెల కొలత, ఖర్చైన డబ్బు. మూడు నెలలు గడిచినా బకెట్టు 8 నిమిషాల దగ్గరే ఉంటే ముందు పని జరిగిందా అని చూడండి. వాల్వు మార్చలేదంటే సమస్య పనిలో ఉంది. వాల్వు మార్చినా నీళ్లు పెరగలేదంటే కారణాన్ని మనం తప్పుగా పట్టుకున్నట్టు. అప్పుడు మోటార్లు తీయించాలి, లేదా చివరి వీధికి వేరే వేళ పెట్టాలి. ఇందులో రెండోదానికి పైసా ఖర్చు లేదు. అక్టోబరుకల్లా ఇది తేలితే మిగిలిన డబ్బును అదే టైడ్ పద్దులోని మరో పనికి తీర్మానంతో మార్చి, అనుబంధ ప్రణాళికలో ఎక్కించే వ్యవధి ఉంటుంది. ఫిబ్రవరిలో తేలితే ఆ వ్యవధి ఉండదు. మార్చి చివరి సోమవారం అదే బకెట్టుతో, అదే కుళాయి దగ్గర మళ్లీ కొలిచి, వచ్చిన అంకెను తర్వాతి ప్రణాళికలో "ఇప్పుడెంత" అన్న గడిలో రాయండి.