చెకుముకి తుపాకీ కిట్: ఏది ముందు, ఏది తర్వాత

18వ శతాబ్దంలో పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ ప్రాంతంలో స్థిరపడ్డ జర్మన్ తుపాకీ పనివాళ్లు తమ దేశపు పొట్టి, లావుపాటి యేగర్ రైఫిల్‌ను పొడవుగా, సన్నగా మార్చుకుంటూ వచ్చారు. అలా పుట్టిందే లాంగ్ రైఫిల్, చెకుముకి రాయి నిప్పుతో పేలే తుపాకీ. ఇప్పుడు అమెరికాలో అది కిట్‌గా దొరుకుతుంది. రైఫ్లింగ్ (లోపల మెలి గాళ్లు) చేసి, వెనక కొసన, అంటే బ్రీచ్‌లో, ప్లగ్ అనే బిరడా బిగించిన ఎనిమిది పలకల బ్యారెల్, సిద్ధంగా ఉన్న లాక్ (నిప్పు పుట్టించే యంత్రం), ట్రిగ్గర్, ఇత్తడి సామాను, సగం మలిచిన మేపుల్ స్టాక్ (చెక్క భాగం) ఒక పెట్టెలో వస్తాయి.

ముందు చట్టం సంగతి. భారతదేశంలో లైసెన్సు లేకుండా తుపాకీ తయారుచేయడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం. మూతి నుంచి మందు కూరేది కదా అంటే కుదరదు. అమెరికా ఫెడరల్ చట్టం వీటిని పురాతన ఆయుధాల కింద లెక్కిస్తుంది గానీ రాష్ట్రాల దారి వేరు. మనవాళ్లు ఎక్కువగా ఉండే న్యూజెర్సీలో వీటిని మామూలు తుపాకుల్లాగే చూస్తారు. డబ్బు కట్టే ముందే మీ రాష్ట్ర నిబంధనలు చదవండి.

కిట్లన్నీ ఒకటి కావు. కిబ్లర్ అనే తయారీదారు కిట్‌లో చెక్కను సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే) యంత్రం దాదాపు పూర్తిగా చెక్కేసి ఉంటుంది. మిగిలేది చిన్నచిన్న సర్దుబాట్లు, నునుపు, రంగు. మరికొన్నిటిలో లాక్ గుంట కూడా మీరే ఉలితో పూర్తి చేయాలి. ఉలి పట్టి ఎరగనివాళ్లు మొదటి రకానికి ఎక్కువ డబ్బు పెట్టినా నష్టం లేదు.

వరుస తప్పకూడదు: బ్యారెల్, లాక్, టచ్‌హోల్ (నిప్పు బ్యారెల్ లోపలికి వెళ్లే చిన్న రంధ్రం), ట్రిగ్గర్, ఇత్తడి సామాను, ఆఖరున స్టాక్ రూపం, రంగు. బ్యారెల్ ఎక్కడ కూర్చుందో దాన్ని బట్టి లాక్ చోటు, లాక్‌ను బట్టి టచ్‌హోల్, ట్రిగ్గర్ చోట్లు తేలతాయి. అందం ముందు చూసుకుని స్టాక్‌ను సన్నగా చెక్కేసినవాళ్లకు తర్వాత లాక్ గుంట చుట్టూ చెక్క చాలదు.

బ్యారెల్ అడుగు పలకలకు దీపపు మసి కలిపిన నూనె పల్చగా రాసి గాడిలో పెట్టి నొక్కండి. తీసి చూస్తే తగులుతున్న చోట చెక్కకు నలుపు అంటుకుంటుంది. అక్కడే, కాగితం మందాన గీకండి. మళ్లీ పెట్టండి. బ్రీచ్ వెనక ముఖం చెక్కకు పూర్తిగా ఆనాలి. అక్కడ సందు ఉంటే పేల్చిన ప్రతిసారీ వెనక్కి తన్నే దెబ్బంతా టాంగ్ (బ్రీచ్ ప్లగ్ వెనక తోక) బోల్టు మీద పడి, టాంగ్ వెనక స్టాక్ చీలుతుంది.

బ్యారెల్‌ను పట్టి ఉంచే అడ్డ పిన్నుల కోసం కింది టెనన్లలో (బ్యారెల్ అడుగున ఉండే చిన్న ఇనుప ముక్కల్లో) వేసే రంధ్రాలను గుండ్రంగా వదలకండి. బ్యారెల్ పొడవు వెంట రెండు వైపులా ఒకటిన్నర మిల్లీమీటర్ల చొప్పున సన్నని ఆకురాయితో సాగదీయండి. తేమకు చెక్క కదులుతుంది, ఇనుము కదలదు. ఆ కదలికకు చోటు లేకపోతే పిన్ను దగ్గర చెక్క పగులుతుంది.

ఎక్కువ సమయం తినేది లాకే. లోపలి స్ప్రింగులు, భాగాలన్నీ విప్పి ముందు ఒట్టి ప్లేటును దించండి. పాన్ (నిప్పంటించే మందు పోసే చిన్న పళ్లెం) పక్క అంచు బ్యారెల్ పలకకు ఆనాలి. సందు మిగిలితే మందు అందులోకి జారి చెక్కను కాలుస్తుంది. ప్లేటు కుదిరాక భాగాలు ఒక్కొక్కటిగా బిగిస్తూ, మసి గుర్తులు చూసుకుంటూ గుంట లోతు చేయండి. బయట చక్కగా పనిచేసిన లాక్ స్టాక్‌లో పెట్టగానే కాక్ (రాయిని పట్టుకునే సుత్తి) ఎత్తితే నిలవడం లేదంటే లాక్‌ను అనుమానించకండి. సియర్ (ఎత్తిన కాక్‌ను ఆపి ఉంచే భాగం) కడ్డీయో, కాక్‌ను విసిరే మెయిన్ స్ప్రింగో చెక్కకు రాసుకుంటోంది. లాక్ బోల్టులు అతిగా బిగించినా ఇదే జరుగుతుంది.

కొన్ని కిట్లలో టచ్‌హోల్ ముందే వేసి ఉంటుంది. లేకపోతే లాక్ తుది చోటులో కూర్చున్నాకే గుర్తు పెట్టండి. ముందువెనకల్లో పాన్ మధ్యకు, ఎత్తులో పాన్ పై అంచుకు సమంగా ఉండాలి. వ్యాసం అంగుళంలో 16వ వంతు. మరీ కిందికి వేస్తే పాన్‌లోని మందు దాన్ని కప్పేసి వత్తిలా కాలుతుంది. నిప్పు లోపలికి చేరడం ఆలస్యమవుతుంది. వెనక్కి జరిగితే రంధ్రం బ్రీచ్ ప్లగ్‌కే తగులుతుంది. ప్లగ్ ముఖం ఎక్కడుందో లోపలికి కడ్డీ పెట్టి కొలిచి బయట గీత గీసుకోండి. ఈ ఒక్క రంధ్రం చేయి తిరిగిన పనివాడి చేత వేయించుకోవడం మేలు.

ట్రిగ్గర్ పిన్ను చోటు సియర్ కడ్డీని బట్టి కుదురుతుంది. కాక్‌ను సగం ఎత్తి ట్రిగ్గర్‌ను గట్టిగా లాగి చూడండి. జారిందంటే ఆ తుపాకీ పక్కన పెట్టాల్సిందే, మంచి గన్‌స్మిత్ చూసేదాకా.

ఇత్తడి సామానును చెక్కకంటే కాస్త ఎత్తుగా కూర్చోబెట్టి, ఆకురాయితో రెండూ కలిపి సమం చేయండి. బఫింగ్ చక్రం జోలికి పోవద్దు. పదును అంచులు గుండ్రమైపోయి బొమ్మ తుపాకీలా కనిపిస్తుంది.

స్టాక్‌కు 120, 180, 220 నంబర్ల గరుకు కాగితం వరుసగా పట్టించండి. తడిగుడ్డతో తుడిచి, ఆరాక లేచిన నూగును మళ్లీ 220తో తీయండి. మేపుల్‌కు పాత పద్ధతి రంగు ఆక్వా ఫోర్టిస్, అంటే నైట్రిక్ ఆమ్లంలో ఇనుము కరిగించగా వచ్చే ఫెర్రిక్ నైట్రేట్ ద్రావణం. పూసి ఆరనిచ్చి హీట్ గన్‌తో వేడి చేస్తే పచ్చటి మరక ఎర్రటి గోధుమ రంగులోకి తిరిగి, చెక్కలోని అలలు తేలతాయి. పొగ ఘాటైనది, ఆరుబయటే చేయండి. ఆ తర్వాత వంటసోడా నీళ్లతో తుడవండి. ఆమ్లం మిగిలితే రంగు కాలక్రమంలో మారుతూ పోతుంది. ఆరాక అవిసె నూనె పల్చటి పొరలుగా, ఒక్కోటి ఆరనిచ్చి రుద్దండి. నూనె గుడ్డలను ఉండ చుట్టి పడేయకండి, వాటంతట అవే అంటుకుంటాయి. పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్లున్న ఇనుప డబ్బాలో వేయండి.

బ్యారెల్‌కు గోధుమ రంగు అంటే అదుపులో పట్టించిన తుప్పే. ఆకురాయి గీతలు పోయేదాకా రుద్ది, జిడ్డు పూర్తిగా తీసి, రెండు చివర్లూ టచ్‌హోలూ మూసి, బ్రౌనింగ్ ద్రావణం రాయండి. వేలిముద్ర పడినా అక్కడ మచ్చ మిగులుతుంది. తేమ గాలిలో ఉంచి, సీసా మీద రాసిన వ్యవధి ప్రకారం పూత మీద పూత వేయండి. రంగు నచ్చాక వంటసోడా నీళ్లతో ఆపి నూనె పట్టించండి.

చివరికి రాయి. తోలు ముక్క చుట్టి కాక్ దవడల మధ్య బిగించండి. అంచు ఫ్రిజెన్ (రాయి తగిలి నిప్పురవ్వలు రాల్చే ఉక్కు పలక) ముఖానికి సమాంతరంగా ఉండాలి. కాక్ సగం ఎత్తులో ఉన్నప్పుడు ఫ్రిజెన్‌కు దగ్గరగా రావాలి గానీ తగలకూడదు. మందు లేకుండా చీకటి గదిలో కొట్టి చూడండి. నిప్పురవ్వలు పాన్‌లోకే రాలాలి. రాకపోతే రాయిని తిరగేసి పెట్టండి. కొత్త రాయి పెట్టినా, కోణం మార్చినా రవ్వలు రాకపోతే ఫ్రిజెన్ ఉక్కు మెత్తగా ఉన్నట్టే, దాన్ని మళ్లీ గట్టిపరచాలి. పేల్చే ముందు మొత్తం తుపాకీని గన్‌స్మిత్‌కు చూపించండి. ఇందులో బ్లాక్ పౌడర్ తప్ప పొగ రాని ఆధునిక మందు చిటికెడు పోసినా బ్యారెల్ పగిలిపోవచ్చు.